గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటిస్తే గుంటూరు నుంచి ఓటు వేయొచ్చా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో స్కూల్ బోర్డు సభ్యురాలిని. నాన్నగారి ఆపరేషన్ కోసం గుంటూరు వచ్చాను. ఈలోగా మా కౌంటీలో కార్చిచ్చు రేగి గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించారు. "ఎమర్జెన్సీయే కదా, అందరం జూమ్‌లో కానిచ్చేద్దాం" అంటున్నారు మా సూపరింటెండెంట్. నా ఓటు చెల్లుతుందా?

జవాబు: చెల్లేలా చేసుకోవచ్చు. కానీ గవర్నర్ ప్రకటన రాగానే మీ బోర్డుకి ఆ వెసులుబాటు దానంతటదే రాదు, చాలామంది పొరబడేది ఇక్కడే.

మామూలు రోజుల్లో స్థానిక సంస్థల మీటింగులు 1953 నాటి బ్రౌన్ యాక్ట్ (మీటింగులు జనం ముందే జరగాలనే కాలిఫోర్నియా చట్టం) ప్రకారం నడవాలి. దాని పాత పద్ధతిలో మీరు గుంటూరు నుంచి పాల్గొనాలంటే నాన్నగారి ఇంటి అడ్రసు ఎజెండాలో వేయాలి, రెగ్యులర్ మీటింగైతే 72 గంటల ముందే ఆ ఎజెండాని ఇంటి గేటుకి అంటించాలి, ఎవరైనా వచ్చి వింటామంటే తలుపు తీయాలి. అక్కడి సాయంత్రం మీటింగుకి గుంటూరులో పొద్దున్నే పాలవాడు తప్ప ఎవరూ రారనుకోండి, అయినా రూల్ రూలే. పైగా కోరానికి (మీటింగు చెల్లడానికి కావలసిన కనీస సంఖ్యకి) సరిపడా సభ్యులు మీ డిస్ట్రిక్ట్ హద్దుల్లోనే ఉండాలి.

కోవిడ్ వచ్చాక 2020 మార్చిలో గవర్నర్ న్యూసమ్ ఉత్తర్వుతో ఇవన్నీ పక్కన పెట్టారు. 2021లో ఏబీ 361 (ఏబీ అంటే రాష్ట్ర అసెంబ్లీ బిల్లు) ఆ వెసులుబాటుని కొంతకాలానికి చట్టం చేసింది, 2023లో ఏబీ 557 ఆ గడువు ఎత్తేసింది. ఇప్పుడు కావలసింది రెండు. ఒకటి, రాష్ట్ర ఎమర్జెన్సీగానీ స్థానిక ఎమర్జెన్సీగానీ అమల్లో ఉండాలి. రెండు, ఆ ఎమర్జెన్సీ వల్ల మనుషులు ఒకచోట చేరితే వాళ్ల ఆరోగ్యానికో ప్రాణానికో తక్షణ ప్రమాదం ఉందని మీ బోర్డు మెజారిటీ ఓటుతో తేల్చాలి. ఈ ఓటు కోసం పెట్టే మొదటి మీటింగు కూడా జూమ్‌లో పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఇలాగే కొనసాగాలంటే 45 రోజులకోసారి పరిస్థితిని మళ్లీ చూసి మళ్లీ ఓటు వేయాలి. మీ ఆఫీసులో కోవిడ్ నాటి తీర్మానం నమూనా ఒకటి ఉండే ఉంటుంది, అందులో 30 రోజులనీ సామాజిక దూరమనీ ఉంటుంది, అవి పాత రూల్స్, దయచేసి దాన్ని కాపీ కొట్టకండి. 2025లో వచ్చిన ఎస్‌బీ 707 (సెనేట్ బిల్లు)తో సెక్షన్ల నంబర్లు కూడా మారాయి.

మంటలు కౌంటీకి ఆ చివరెక్కడో ఉండి, మీ ఊళ్లో పొగ కూడా లేకపోతే? అప్పుడు ప్రమాదం ఉందని రాసుకోవడం నాకైతే నచ్చదు, కోర్టులో నిలబడుతుందనీ అనుకోను. మీకు ఇంకో దారి ఉంది: తండ్రిని చూసుకోవాల్సి రావడం చట్టం ఒప్పుకునే సొంత కారణమే. అయితే ఏడాదికి ఇన్నిసార్లే అన్న పరిమితి ఉంది, కోరానికి సరిపడా మిగతా సభ్యులు అక్కడ ఒకే గదిలో కూర్చోవాలి, మీరు కెమెరా ఆన్ చేసి ఉంచాలి, మీ గదిలో 18 ఏళ్లు దాటినవాళ్లెవరైనా ఉంటే వాళ్లు మీకేమవుతారో ముందే చెప్పాలి. కాఫీ తెచ్చిన అత్తయ్యతో సహా.

ఏ దారైనా జనం సంగతి మర్చిపోవద్దు. వాళ్లు ఫోన్‌లోనో నెట్‌లోనో అప్పటికప్పుడు మాట్లాడగలగాలి, "కామెంట్లు ముందే ఈమెయిల్ చేయండి" అంటే కుదరదు. ప్రసారం తెగిపోతే తిరిగి వచ్చేదాకా ఏ అంశం మీదా నిర్ణయం తీసుకోకూడదు. ఓటింగు పేరు పేరునా పిలిచే జరగాలి.

ఇవి తప్పితే ఎవరైనా గడువులోగా రాతపూర్వకంగా సరిదిద్దమని అడగొచ్చు, 30 రోజుల్లో బోర్డు సరిదిద్దకపోతే కోర్టుకెళ్లి ఆ నిర్ణయాన్నే రద్దు చేయించొచ్చు. కాబట్టి ప్రమాదం ఉందని తేల్చే ఓటును ఎజెండాలో మొదటి అంశంగా పెట్టమని సూపరింటెండెంట్‌కి ఇవాళే మెయిల్ పెట్టండి, బోర్డు లాయర్‌ని కూడా కాపీలో ఉంచండి.