ఆండ్రాయిడ్‌లో జావా అనే ప్రోగ్రామింగ్ భాష ఏపీఐ (సిద్ధంగా ఉన్న పనులను పేరుతో పిలిచి చేయించుకునే ఏర్పాటు) వాడుకున్నందుకు ఒరాకిల్ వేసిన కేసులో గూగుల్ ఎలా గెలిచింది?

అది ‘ఫెయిర్ యూజ్’ (కాపీరైట్ ఉన్నదాన్ని అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే మేరకు వాడుకోవడం) కిందికి వస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో 6-2 మెజారిటీతో తేల్చడం వల్ల. గూగుల్ జావా నుంచి తీసుకున్నది సుమారు 11,500 లైన్ల డిక్లరేషన్లు, అంటే ఆ పనుల పేర్లు, వాటిని పిలిచే తీరు చెప్పే లైన్లు. వాటి వెనక పనిచేసే కోడ్ చాలావరకు విడిగా రాయించుకున్నదే. ఉదాహరణకు ‘మ్యాథ్.మ్యాక్స్’కి 4, 6 ఇస్తే 6 వస్తుంది. ఆ పేరు, దాన్ని పిలిచే తీరు జావావి. రెండింట్లో ఏది పెద్దదో చూసే కోడ్ వేరే. పేర్లు కూడా మార్చేసి ఉంటే జావా వచ్చినవాళ్లంతా ఆండ్రాయిడ్ కోసం మళ్లీ ఓనమాలు దిద్దాల్సి వచ్చేది. కోర్టు దీనికి గట్టి విలువే ఇచ్చింది, ఇవ్వాల్సిందే కూడా.

ఏపీఐలకు కాపీరైటే లేదని ఈ తీర్పు చెప్పిందనుకుంటారు చాలామంది. చెప్పలేదు. కాపీరైట్ ఉందనుకున్నా ఈ వాడకం తప్పు కాదంది. అసలు ఉందా లేదా అన్నది తేల్చకుండా వదిలేసింది.