ఆ వెలుగు దేనిది?

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

వాయువులను గుర్తించే ఫ్లోరోసెంట్ ప్రోబుల (వెతికే పదార్థం తగిలితే వెలిగే రసాయనాల) మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష సాఫీగా ఉంది. నా పేచీ అంతా మూడో పేరాలోని ఒక్క వాక్యంతోనే: "ఈ ప్రోబు కార్బన్ మోనాక్సైడును పసిగడుతుంది" అన్నావు. ఆ ప్రయోగంలో సిలిండరులోని వాయువునే పంపారా, లేక దాన్ని విడుదల చేస్తుందనే పేరున్న కార్మ్-3 అనే రుథేనియం సమ్మేళనాన్ని కలిపారా అన్నది నీవు చూసినట్టు లేదు.

దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలపడం నీకు తెలిసిందే. పళ్లెంలోని పసుపునీళ్లలో గోరంత సున్నం వేస్తే చాలు, ఎరుపెక్కుతాయి. చొక్కా మీది పసుపు మరకకు బట్టల సబ్బు రాసినా అదే ఎరుపు వస్తుంది, అంతమాత్రాన చొక్కాకు సున్నం అంటిందని ఎవరూ అనరు. పసుపు చెప్పేది క్షారం ఉందని మాత్రమే. నైట్రో గుంపు (నైట్రోజన్, ఆక్సిజన్‌ల జట్టు) ఉన్న కొన్ని ప్రోబుల సంగతీ ఇలాగే తేలింది: కార్మ్-3 కలపగానే వెలిగినవి, అసలు వాయువును పంపితే ఉలకలేదు, ఎందుకంటే నైట్రోను క్షయకరణం చేసినది (ఎలక్ట్రాన్లు ఇచ్చి మార్చినది) ఆ సమ్మేళనమే తప్ప అది విడిచే వాయువు కాదు.

అందుచేత ముందు ప్రయోగ వివరాలు చదువు. వాయువు పోగొట్టిన కార్మ్‌తో పోల్చి చూశారా? 25 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో కార్బన్ మోనాక్సైడు నీటిలో సుమారు 1 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యోవంతు) మాత్రమే కరుగుతుంది కనుక, గ్రాఫులో అంతకు ఎన్నో రెట్ల గాఢత కనిపిస్తే అది కలిపిన సమ్మేళనపు లెక్క అని అనుమానించు. హైడ్రోజన్ సల్ఫైడు ప్రోబైతే, కణాల్లో మిల్లీమోలార్ స్థాయిలో ఉండే, గంధకం గల మరో అణువు గ్లూటాథయోన్‌కు అది వెలుగుతుందో లేదో చూడాలి.

నేనూ ఒకప్పుడు జారినవాణ్ణే. డీఏఎఫ్-2 అనే ప్రోబు నైట్రిక్ ఆక్సైడుతో నేరుగా కలుస్తుందని రాస్తే, కంటోన్మెంటులో ఉండే రిటైరైన కెమిస్ట్రీ మాస్టారొకరు పత్రిక పట్టుకుని ఇంటికే వచ్చి, ఆ వాయువు ఆక్సిజన్‌తో కలిశాక పుట్టే డైనైట్రోజన్ ట్రైఆక్సైడే ముఖ్యంగా ఆ చర్య జరుపుతుందని, ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా వివరించారు. సవరణ వేయడానికి మాత్రం పత్రికలో చోటు దొరకలేదు.

ఆ వాక్యాన్ని "కార్మ్-3 కలిపినప్పుడు వెలిగింది" అని మార్చి, స్వచ్ఛమైన వాయువుతో చేసిన పరీక్ష ఉంటే దాని ఫలితాన్ని పక్కనే చేర్చి, సిరిమాను సంబరానికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు వెంట తీసుకురా.