చేతికి కసిమి అంటాక రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, శ్రీకాళహస్తి కలంకారీ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నీ భాషలో తేట ఉంది. స్వర్ణముఖి ఒడ్డున గుడ్డలు ఉతికే వర్ణన బాగుంది. కానీ 'గుడ్డను కరక్కాయ, పాలలో ముంచుతారు' అని రాసి నువ్వు ముందుకు వెళ్లిపోయిన చోట నేను ఆగిపోయాను. పాలెందుకు? గేదె పాలే ఎందుకు? వెయ్యకపోతే ఏమవుతుంది? నువ్వు పక్కన నిలబడి చూశావు, అడిగి రాసుకున్నావు. అందుకే ఆ వాక్యం నీది కాలేదు.

చేతిపని గురించి రాయాలంటే అందులో ఒక చిన్న భాగమైనా ముందు నీ చేత్తో చెయ్యి. చేసిన రోజే కూర్చుని, ఏం జరిగిందో వెనక్కి తిరిగి చూసుకో. రాయడం ఆ తర్వాత.

చీరంతా వెయ్యమనడం లేదు. గంజి పోయేలా ఉతికి ఆరబెట్టిన ముతక నూలు గుడ్డలోంచి జానెడేసి ముక్కలు మూడు కత్తిరించు. ఒకదాన్ని అలాగే ఉంచు. రెండోదాన్ని కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టు. మూడోదాన్ని అదే పొడి కలిపిన పచ్చి గేదె పాలలో నానబెట్టు. ఆ పాలు సగం, నీళ్లు సగం ఉండాలి. ఇలాంటి పరీక్షకు గుడ్డ బరువులో ఐదో వంతు పొడి సరిపోతుంది, అంటే 50 గ్రాముల గుడ్డకు 10 గ్రాములు. పిండి, ఎండలో పరిచి, పూర్తిగా ఆరనివ్వు. తడి మిగిలితే పరీక్షంతా వృథా, ఎందుకంటే తడిగుడ్డ మీద ఏ రంగైనా పాకుతుంది. ఆరాక ఒకే కలంతో (మొనకు కాస్త పైన ఉన్ని చుట్టిన వెదురు పుల్ల), ఒకే కసిమితో (బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుము పులియబెట్టి తీసిన రంగు నీళ్లు) మూడింటి మీదా ఒకేలాంటి గీత గియ్యి.

ఉత్త గుడ్డ మీద గీత పాలిపోయినట్టుండి, గాలి తగిలేకొద్దీ తుప్పు రంగుకు తిరుగుతుంది. కరక్కాయ ముక్క మీద నల్లబడుతుంది కానీ అంచులు చెదురుతాయి. పాలు పట్టిన ముక్క మీద నల్లగా, పదునుగా నిలుస్తుంది. కసిమిలోని ఇనుము కరక్కాయలోని వగరుతో కలిస్తేనే నలుపు పుడుతుంది. పాలలోని వెన్న ఆ నలుపును దారాల వెంట పాకనివ్వదు. గేదె పాలలో ఆ వెన్న ఎక్కువ. నేను ఇక్కడ రాసిన ఈ నాలుగు ముక్కలూ నువ్వు చదివి మరిచిపోవచ్చు. మూడు గుడ్డలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక మాత్రం మరిచిపోలేవు.

ఇక నోటుపుస్తకం సంగతి. చాలామంది కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. పని చేస్తుండగా రాయకు. చేతులు తడిగా ఉంటాయి, ధ్యాస చెదురుతుంది. ముక్క మూల పెన్సిలుతో ఒక అంకె వేసి వదిలెయ్. ఆ సాయంత్రమే పుస్తకం తియ్యి. మర్నాటికి వాయిదా వేస్తే, జరిగినదాని స్థానంలో జరగాల్సింది గుర్తొస్తుంది. పేజీని మూడు నిలువు గడులు చెయ్యి. ఏం చేశాను (కొలతలు, సమయం, ఎండ ఎలా ఉంది), ఏం కనిపించింది, ఎందుకలా అయిందనుకుంటున్నాను. రెండో గడినీ మూడో గడినీ ఎప్పుడూ కలపకు. 'గీత మొదట్లో బొట్టు పడింది' అన్నది కనిపించినది. 'కలానికి చుట్టిన ఉన్నిని గట్టిగా నొక్కాను' అన్నది నీ ఊహ. ఊహను నిజంలా రాసుకుంటే మళ్లీ పరీక్షించాలన్న బుద్ధి పుట్టదు.

పరీక్షించేటప్పుడు ఒక్కటే మార్చు. బొట్టు పడుతోందని కలం మార్చి, కసిమిని పలచన చేసి, గుడ్డ కూడా మార్చేస్తే, బొట్టు పోయినా ఎందుకు పోయిందో నీకు తెలియదు. ముందు నొక్కుడు తగ్గించి గియ్యి. తగ్గకపోతే, ముంచిన కలాన్ని గిన్నె అంచుకు ఒత్తి గియ్యి. అప్పటికీ తగ్గకపోతే ఉన్ని చుట్టు పెద్దదైందేమో చూడు.

డేవిడ్ కోల్బ్ అనే అమెరికా విద్యావేత్త 1984లో దీన్నే ఒక చక్రంగా చెప్పాడు: చేయడం, వెనక్కి చూసుకోవడం, అందులోంచి సూత్రం తీయడం, దాన్ని మళ్లీ పనిలో పెట్టి చూడటం. రెండో మెట్టు ఎగ్గొట్టినవాళ్లు ఎన్నేళ్లు చేసినా అదే తప్పు చేస్తారు.

ఎరుపు దగ్గరికొచ్చేసరికి ఓపిక ఇంకా కావాలి. ఎరుపు కావలసిన చోట పూసేది పటిక నీళ్లు. పూసినప్పుడు ఎరుపు కనిపించదు, రంగు చెక్కతోనో వేరుతోనో ఉడికించాకే బయటపడుతుంది. పటిక పూసిన గుడ్డను నిలవ నీటిలో జాడిస్తే, వదిలిన పటిక నేల మీద, అంటే ఎరుపు అక్కర్లేని ఖాళీ గుడ్డ మీద కూడా పట్టుకుంటుంది. ఉడికించాక నేలంతా గులాబీ ఛాయ తేలుతుంది. పారే నీళ్లు కావాలనేది అందుకే. నీ వ్యాసంలో స్వర్ణముఖి అందంగా ఉంది, కానీ అక్కడ ఆ నది చేసే పని ఇది. ఇనుప గిన్నెలో మాత్రం ఉడికించకు, ఎరుపు మసకబారుతుంది.

ఇంత చేశాక మళ్లీ ఆ కళాకారుల దగ్గరికి వెళ్లు. అప్పుడు నీ ప్రశ్నలే మారిపోతాయి. 'ఎన్నాళ్లుగా ఈ పనిలో ఉన్నారు?' అన్న చోట 'గీత మొదలెట్టేటప్పుడు వేలు ఎక్కడ ఆనిస్తారు?' అని అడుగుతావు. 'చేస్తే తెలుస్తుందమ్మా' అంటారు. అది తప్పించుకోవడం కాదు. చేతికి తెలిసింది నోటికి అందదు. మరోసారి నెమ్మదిగా గియ్యమని అడుగు, నీ చూపు వాళ్ల వేళ్ల మీదే ఉంచు. మధ్యలో చెయ్యి ఆగితే 'ఇక్కడెందుకు ఆగారు?' అని అప్పుడే అడుగు. నీకు కావలసిన వాక్యం ఆ జవాబులో ఉంటుంది.

రాసేటప్పుడు వాళ్ల మాటలే వాడు. కసిమిని 'నల్ల సిరా' చెయ్యకు. నాలుగు గీతలు గీసినంత మాత్రాన తరాలుగా చేస్తున్నవాళ్ల తరఫున మాట్లాడే హక్కు రాదు. వాళ్లు చెప్పింది వాళ్లదిగా, నువ్వు చూసింది నీదిగా విడిగా తెలిసేట్టు రాయి. చిత్తుప్రతి వాళ్లకు చదివి వినిపించు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ మౌనంగా ఉన్నారో అదే పుస్తకంలో రాసుకో. దిద్దవలసిన చోట్లు అవే.

వ్యాసం ఇప్పుడే తిరగరాసి పంపొద్దు. ముందు ఆ మూడు గుడ్డముక్కలూ, నోటు పేజీలూ పంపు. కసిమి తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఈ వారమే కుండ పెట్టు. లీటరు నీళ్లకు 100 గ్రాముల బెల్లం, గుప్పెడు తుప్పుపట్టిన మేకులు వెయ్యి. కుండ మూతికి పలచని గుడ్డ కట్టు, బిగుతుగా మూసేస్తే లోపల పుట్టే గాలికి దారుండదు. పుల్లటి వాసన వచ్చి, నురగ అణిగాక, కరక్కాయ పట్టిన ముక్క మీద ఒక చుక్క వేసి చూడు. బూడిద రంగులోనే ఉండిపోతే ఇంకొన్నాళ్లు ఆగు.

ఉంటాను.