పొగ కనిపించని ఓడ

ప్రశ్న: మా అబ్బాయి సహజవాయువు మోసే కొత్త ఓడలో ఇంజనీరు శిక్షణకు చేరాడు. ఓడ తాను మోసే గ్యాసునే కాల్చుకుని నడుస్తుందట, పొగగొట్టంలో పొగే కనిపించదట. అయితే ఈ ఓడలతో వాతావరణానికి హాని లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చూసింది నిజమే. కానీ సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్ కంటికి కనిపించదు. ఇలాంటి ఓడల ఇంజన్ గదుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన నాకు దిగులంతా దాని గురించే.

సహజవాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి, ద్రవంగా మార్చి ట్యాంకుల్లో నింపుతారు. బయటి వేడిని ఎంత అడ్డుకున్నా రోజూ కొంత ఆవిరవుతుంది. నేను మొదట ఎక్కిన 1,38,000 ఘనమీటర్ల ఓడలో అది రోజుకు 0.15 శాతం దాకా ఉండేది, అంటే సుమారు 200 ఘనమీటర్ల ద్రవం. అలాగే వదిలేస్తే ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఆ గ్యాసును బాయిలర్‌లో మండించి టర్బైన్ తిప్పేవాళ్లం. ఆ ఓడలు ఇంధనం విపరీతంగా తాగేవి, కార్బన్ డయాక్సైడూ ఎక్కువే. అయితే బాయిలర్ మంటలో గ్యాసు దాదాపు పూర్తిగా కాలిపోయేది.

తర్వాత పొదుపైన ఇంజన్లు వచ్చాయి. వీటిలో గ్యాసును ముందే గాలితో కలిపి, తక్కువ ఒత్తిడితో సిలిండర్‌లోకి పంపే రకాలున్నాయి. పిస్టన్ పక్క సందుల్లోకి మంట చేరదు. అక్కడి గ్యాసు కాలకుండానే బయటికి పోతుంది. ఐరోపా సమాఖ్య నిబంధనలు దీన్ని ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లకు 3.1 శాతంగా, టూస్ట్రోక్‌కు 1.7 శాతంగా లెక్కగడతాయి. అధిక ఒత్తిడితో గ్యాసు చిమ్మే టూస్ట్రోక్ రకానికి 0.2 శాతమే.

మూడు శాతమే కదా అనుకోకండి. 100 కిలోల మీథేన్‌లో 97 కిలోలు కాలితే సుమారు 266 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాలకుండా పోయిన ఆ మూడు కిలోలే, 20 ఏళ్ల కాలానికి లెక్కిస్తే, మరో 250 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తాయి! 2026 నుంచి ఐరోపా సమాఖ్య, కర్బన ఉద్గారాలకు డబ్బు కట్టించే తన వ్యవస్థలో ఓడల మీథేన్‌నూ చేర్చింది. ఇది ఎప్పుడో జరగవలసింది.

ఈసారి మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు ఒక్క మాట అడగండి. లంగరు వేసి ఉన్నప్పుడు, కరెంటు కోసం గ్యాసు ఇంజన్లతో తిరిగే జనరేటర్లు ఎన్ని నడుపుతున్నారు? ఒక్కోదాని మీద లోడు ఎంత? లోడు బాగా తగ్గితే కాలకుండా పోయే గ్యాసు శాతం పెరుగుతుంది. కరెంటు పోతుందన్న భయంతో మేమూ ఒకటి సరిపోయే చోట రెండు నడిపాం. రెండోది ఆపాలా వద్దా అన్నది చీఫ్ ఇంజనీరు నిర్ణయం. ఎందుకు నడుపుతున్నామని మాత్రం శిక్షణలో ఉన్న కుర్రాడు కూడా అడగవచ్చు.