ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు అమ్మకు పనిచేస్తాయా?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్, కీమో ఇచ్చారు. ఏడాదిన్నరకు ఊపిరితిత్తుల్లో మళ్లీ కనిపించింది. కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ పెడదామంటున్నారు. ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా?

జవాబు: ముందు పాత బయాప్సీ బ్లాకును (ల్యాబ్‌లో భద్రపరిచిన గడ్డ ముక్కను) తెప్పించి పీడీ-ఎల్1 పరీక్ష చేయించండి. రోగనిరోధక కణాలను అడ్డుకునే ప్రొటీన్ పీడీ-ఎల్1. ఆ ప్రొటీన్ ఎంత ఉందో చెప్పే సీపీఎస్ స్కోరు 1 లేదా అంతకు మించితేనే ఈ మందుకు గట్టి ఆధారం ఉంది. ఆ రిపోర్టు చూడకుండా డబ్బు కట్టకండి. క్యాన్సర్ కణాలు టీ-కణాలకు (రోగనిరోధక కణాలకు) వేసే బ్రేకును ఈ మందు తీసేస్తుంది. మూడు వారాలకోసారి 200 మి.గ్రా., అరగంట సెలైన్‌లో, గరిష్ఠంగా రెండేళ్లు. మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, లివర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడాలి. కీళ్లవాతం, లూపస్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే పడే జబ్బులు ఉంటే తప్పక చెప్పండి.

చిక్కు ఎక్కడంటే, బ్రేకు తీసిన రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదా పడుతుంది. థైరాయిడ్ మందగిస్తే మాత్రతో సరి, ఇంజెక్షన్ ఆపక్కర్లేదు. విరేచనాలు మామూలుకన్నా రోజుకు నాలుగు పెరిగినా, పొడి దగ్గుతో ఆయాసం వచ్చినా మందుల షాపు మాత్రలతో నెట్టుకురావద్దు. అదేరోజు ఆంకాలజిస్టుకు చెప్పండి. ఈ దాడిని అణచే స్టెరాయిడ్లు ఆలస్యమైతే ప్రమాదం. చికిత్స ఆపిన కొన్ని నెలలకూ ఇవి రావచ్చు, కాబట్టి మందు పేరు రాసిన చీటీ అమ్మగారి దగ్గర ఎప్పుడూ ఉండాలి.