రంగు తీసేయకు

చిరంజీవి రవికి మావయ్య ఆశీస్సులు.

ఫొటోలు అందాయి. అన్నీ బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేశావేంట్రా? అలా అయితేనే ఆర్ట్‌లా ఉంటాయని ఎవరో చెప్పారన్నావు. మిరపయార్డులో ఎరుపు తీసేస్తే ఇంకేం మిగిలింది, గోతాలూ బూడిదా తప్ప!

ఈ పట్టింపు పాతదే. ఒకప్పుడు అమెరికాలోనూ రంగు ఫొటో అంటే ప్రకటనలకూ, ఇంటి ఆల్బమ్‌లకూ పనికొచ్చేదనే లెక్క. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1962లోనే ఎర్నస్ట్ హాస్ రంగు ఫొటోలు పెట్టింది. అసలు గొడవ మాత్రం 1976లో, అక్కడి ఫొటోల విభాగం పెద్ద జాన్ షార్కోవ్‌స్కీ మెంఫిస్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ రంగు ఫొటోల ప్రదర్శనకి గోడలు ఇచ్చినప్పుడు రేగింది. న్యూయార్క్ టైమ్స్‌లో కళా విమర్శకుడు హిల్టన్ క్రామర్ వాటిని చప్పగా, విసుగ్గా ఉన్నాయని ఏకిపారేశాడు. కొండలూ జలపాతాలూ అయితే ఊరుకునేవాడేమో. ఇవి పిల్లల మూడుచక్రాల సైకిలూ, వీధులూ, మామూలు ఇళ్లూ.

ఆ సైకిల్ ఫొటో వెతికి చూడు. కెమెరాను నేలకు దించి తీశాడు. వెనకున్న ఇళ్లకంటే సైకిలే పెద్దది, దాని కింద నుంచి చూస్తే ఎవరిదో కారు. 1973లో మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌లో తీసింది ఇంకా ఘాటు: ఎర్రటి పైకప్పు, నడుమ ఒక బల్బు, దాన్నుంచి పాకిన తెల్లటి వైర్లు. అంతే. రంగు తీస్తే ఆ ఫొటోయే లేదు. దాన్ని డై ట్రాన్స్‌ఫర్‌లో ప్రింట్ వేయించాడు. ప్రకటనలవాళ్లు వాడే ఖరీదైన పద్ధతి అది; మూడు రంగుల్ని విడివిడిగా ఒకే కాగితం మీద అద్దుతారు, ఏది ఎంత పడాలో ప్రింటరు చేతిలో ఉంటుంది.

కాబట్టి నొక్కేముందు ఒక్కటే చూసుకో: ఇక్కడ రంగు ఏం పని చేస్తోంది? ఏమీ చేయకపోతే నలుపు తెలుపులో తీసుకో, నాకేం అభ్యంతరం లేదు. చేస్తుంటే దాన్ని నమ్ము. మన జైపూర్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ అలాగే నమ్మాడు. రంగుని ఇంకా గాఢంగా చేసే శాచురేషన్ మీట మాత్రం ముట్టుకోకు; పండని కాయకి రంగు పూసినట్టుంటుంది. ఎగల్‌స్టన్ ఒక దృశ్యానికి ఒకే ఫొటో తీస్తాడట. నువ్వు ఫోన్‌లో ఇరవై నొక్కి తర్వాత ఏరుకుంటున్నావు, అదీ మానుకో.

ప్రింట్ వేయించేటప్పుడు ముందు చిన్న సైజులో ఒకటి తీయించు. ల్యాబ్ లైట్ల కింద సరే అనేయకుండా వరండాలోకి తెచ్చి పగటి వెలుతురులో చూడు. ఎరుపు తేలిపోతే మళ్లీ వేయమను, మొహమాటపడకు.

అత్తయ్య అడిగానని చెప్పమంది.

మీ మావయ్య