వెలికొండకు అవతల పడిన వాన ఎటు పోతుంది?

అడిగినది: "వెలికొండలకు పడమట పడిన వాన కడపకు, తూర్పున పడింది నెల్లూరుకు పోతుందంటారు. నిజమేనా?"

సగమే నిజం. మాది ఉదయగిరి కొండ కింద పల్లె. మేనత్తను బద్వేలుకిచ్చారు. చిన్నప్పుడు ఆత్మకూరు మీదుగా బస్సులో వెళ్తుంటే, ఘాట్ రోడ్డు దిగేచోట నాన్న పడమటికి చెయ్యి చూపించి "ఇంక నీళ్లు అటు పోతాయి" అనేవాడు. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను.

నీళ్లు అటు పోయే మాట నిజమే, కానీ తిరిగి మన దగ్గరికే వస్తాయి. పడమటి వాలు మీది వాగులు సగిలేరులో పడతాయి. అది గిద్దలూరు, పోరుమామిళ్ల, బద్వేలు వైపుగా దక్షిణానికి దిగి పెన్నలో కలుస్తుంది. రాజంపేట, నందలూరు వైపు నుంచి చెయ్యేరూ పెన్నలోకే వస్తుంది. ఆ నీళ్లన్నీ మోసుకుని పెన్న సోమశిల దగ్గర వెలికొండను కోసుకుని ఇవతలికి దూకుతుంది. డ్యాం కట్టింది ఆ ఇరుకులోనే. ఇక మా వైపు బొగ్గేరు కూడా చివరికి పెన్నలోనే కలుస్తుంది. అంటే శిఖరానికి అటు పడిన చినుకు, ఇటు బొగ్గేరులో పడిన చినుకు నెల్లూరు బ్రిడ్జి కిందే కలుసుకుంటాయి.

అసలు విడిపోయే చోటు గిద్దలూరు, కంభం మధ్య ఉంది. సగిలేరు దక్షిణానికి పోతే, నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువులోకి వచ్చి, అక్కడి నుంచి తనదారిన సముద్రానికి పోతుంది. ఆ రెంటి మధ్య పెద్ద కొండేమీ లేదు, బస్సులో పోతే తెలియనంత మెరక. కంభం చెరువు చూడకపోతే తప్పక చూడండి. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ బయటపడే సందును విజయనగర రాజుల కాలంలోనే కట్టతో మూసేశారు. ఇప్పుడు వెలిగొండ ప్రాజెక్టులో నల్లమల సాగర్ అనే జలాశయం కోసం సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులు మూసిందీ ఆ పద్ధతిలోనే. అందులోకి శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు సొరంగాల్లో రావాలి.

కొండ గట్టిగా అడ్డుపడేది వానకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రం మీది మబ్బు మా వైపు బాగా కురుస్తుంది, అవతల తగ్గుతుంది. కానీ పెద్ద వాయుగుండం వస్తే ఆ అడ్డు కూడా ఆగదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నేను నెల్లూరుకు ఎదుట, పెన్నకు అవతలి ఒడ్డునున్న కోవూరులో అద్దెకున్నాను. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అత్త ఫోన్ చేసి, "మాకు వాన నిలిచింది అబ్బయా, మీకెట్లా ఉంది?" అంది. మా వీధిలో నీళ్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ మరిచిపోలేను. అప్పటి నుంచి తుపాను హెచ్చరిక వస్తే నెల్లూరు వాన కంటే ముందు రాజంపేట వాన ఎంతో చూస్తున్నాను. పెన్న ఒడ్డున ఉండేవాళ్లయితే మీరూ అదే చూడండి.